మలుపు తిరగని ట్యాంకు

పంపుల కంపెనీ ఇంజనీరు గారికి నమస్కారం.

కాబట్టి తప్పు డ్రైవర్‌ది కాదు, మీ పంపుది. అదీ నేను చెప్పేది.

ఇదేంటి ఇలా మధ్యలోంచి మొదలైంది అనుకోకండి. మొదటి రెండు పేజీలు నిన్నే రాశాను. రాస్తుంటే ఎవరో వచ్చేశారు, గబుక్కున దాచేశాను. ఇవాళ ఎంత వెతికినా ఎక్కడ దాచానో గుర్తు రావడం లేదు. మర్యాదలన్నీ ఆ పేజీల్లోనే అయిపోయాయి. మీ ఇంట్లోవాళ్ల క్షేమం కూడా అడిగేశాను. మళ్లీ అడగను.

విషయం ఇది. ట్యాంకు లోపలే మునిగి ఉండే పెద్ద పంపు ఒకటి మీరు కొత్తగా తయారుచేస్తున్నారు కదా. ట్రయల్ కోసం కొన్ని వర్క్‌షాపులకి పంపారు. అందులో మాదొకటి. మా రేసు కారుకి బిగించాం. కారు నిలబడి ఉంటే మీ పంపు బంగారం. తిన్నగా వెళ్తే ఇంకా బంగారం. కానీ ట్రాక్ మీద ఎడమ వైపుకి పొడుగాటి మలుపొకటుంది. ట్యాంకులో పెట్రోలు సగానికి తగ్గాక ఆ మలుపులోకి వెళ్తే ఇంజను దగ్గుతుంది. ఒక్క క్షణం చచ్చి మళ్లీ బతుకుతుంది. వెనకాల దూసుకొచ్చే కారు గుద్దడానికి ఆ ఒక్క క్షణం చాలు. అది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

కారు నడిపేది మా అక్క. "బండి దగ్గింది నాన్నా" అని అక్క అంటే, "బండి దగ్గడమేంటి, నీ కాలే వణికుంటుంది" అన్నాడు నాన్న. పంపు బిగించింది ఆయనే మరి. కారు నిలబెట్టి, మీటరు పెట్టి చూసుకున్నాడు, ప్రెషర్ సూదిలా నిలబడింది. ఇంకేం, మీకు పంపాల్సిన ట్రయల్ రిపోర్టులో "పంపు భేష్, పొరపాటు డ్రైవర్‌ది" అని రాయబోతున్నాడు. పైగా వచ్చే రేసుకి అక్కని దించేసి బావని ఎక్కిస్తాడట. బావంటే మా మేనత్త కొడుకు. వాడు రివర్సు తీస్తే మా గేటు వంగింది. అప్పట్నుంచి గేటు మూయాలంటే ఇద్దరు కావాలి.

అసలు జరిగేదేంటో నేను చెప్తా వినండి. మీ పంపు ట్యాంకు అడుగున చిన్న బుట్టలో కూర్చుంటుంది. బుట్టలో పెట్రోలు నిండుగా ఉంటేనే అది తాగగలదు. మీరు పంపుని పెద్దది చేశారు, బుట్ట మాత్రం పాతదే ఉంచారు. గ్లాసు మార్చకుండా స్ట్రా లావుది వేసినట్టు! మలుపులో పెట్రోలంతా కుడి పక్కకి ఒరిగిపోతుంది. బుట్టలో మిగిలింది మీ పంపు ఒక్క గుక్కలో లాగేస్తుంది. ఆ తర్వాత తాగేది గాలే.

ఫోన్ చెయ్యకండి. నా ఫోన్ నాన్న లాగేసుకున్నాడు. ఉత్తరమే రాయండి. వర్క్‌షాపు పోస్టు డబ్బా తాళం నా దగ్గరుంది.

ఇట్లు,
వర్క్‌షాపు తరఫున

తా.క. రాత వంకరగా ఉందని నవ్వకండి. చెయ్యి మాట వినడం లేదు. కళ్లజోడు నంబరు కూడా మారింది.

తా.క. ఇంకోటి. "మీరే నడిపి చూసుకోవచ్చుగా" అంటారేమో. వయసు కారణంగా నాకు లైసెన్సు ఇవ్వరు.

*

పూజ్యులైన వర్క్‌షాపు పెద్దలకు,

నమస్కారాలు. తమ ఉత్తరం అందింది. ఆ వణికే అక్షరాలు చూసి మా పంపుల అభివృద్ధి విభాగమంతా లేచి నిలబడ్డాం. చెయ్యి సహకరించకపోయినా, చూపు ఆనకపోయినా, రాసిన పేజీలు ఎక్కడో పెట్టి మరిచిపోయినా, మళ్లీ కూర్చుని రాశారంటే తమ పట్టుదలకి జోహార్లు. మా తాతయ్యా ఇంతే. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించేవాడు.

తమ నాన్నగారు ఇంకా ఉన్నారని, స్వయంగా పంపు బిగించారని, తమ ఫోను కూడా ఆయన అదుపులోనే ఉందని మా వాళ్లందరికీ చదివి వినిపించాను. ఆ మహానుభావుడికి నా ప్రత్యేక నమస్కారాలు చెప్పండి. ఏం తింటారో కూడా వీలైతే రాయండి. ఇంత వయసొచ్చాక కూడా తండ్రికి ఎదురు చెప్పలేక తమరు చాటుగా ఉత్తరం రాస్తున్నారంటే, ఈ కాలం పిల్లలు చూసి నేర్చుకోవాలి.

ఇక పంపు సంగతి. మా టెస్ట్ రూంలో ట్యాంకుని ఇనప బల్లకి బోల్టులతో బిగించి, పంపుని రాత్రింబవళ్లు నడిపాం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, సగం ఉన్నప్పుడు, అడుగంటినప్పుడు కూడా చూశాం. ప్రెషర్ ఇసుమంతైనా తగ్గలేదు. కాబట్టి, చెప్పడానికి మొహమాటంగా ఉంది గానీ, తమ నాన్నగారు అన్నదే నిజమేమో ఆలోచించండి. తమరికే ఈ వయసంటే తమ అక్కగారికి ఇంకెంతుంటుంది? ఆవిడ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ వయసులో కాలు వణకడం నేరం కాదండీ. తమ బావగారి చేతికి ఇచ్చినా మేలు జరిగేలా లేదు, గేటు సంగతి తమరే రాశారు. కుటుంబంలో కుర్రవాళ్లెవరూ లేరా?

భవదీయుడు,
ఇంజనీరు, పంపుల అభివృద్ధి విభాగం

తా.క. పోస్టు డబ్బా దాకా తమరు నడవద్దు. ఎవరినైనా పంపండి. జారిపడితే తుంటి ఎముక అతకదు.

*

ఇంజనీరు గారికి,

నమస్కారం. ఇది మామూలు నమస్కారం కాదు, కోపంగా పెట్టిన నమస్కారం.

ఒక్క మాట అడుగుతా. మీ ఇనప బల్ల ఎప్పుడైనా ఎడమ వైపుకి తిరిగిందా? పోనీ కుడి వైపుకి? దాన్ని కదలకుండా బోల్టులేసి మరీ బిగించామని గొప్పగా రాశారు. అంటే ఆ ట్యాంకు పుట్టిన దగ్గర్నుంచి ఒక్క మలుపు కూడా చూడలేదు. దానికి మీరు రేసు కారు సర్టిఫికెట్ ఇచ్చేశారు! మనిషిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, ఈత బ్రహ్మాండంగా వచ్చని రాసిచ్చినట్టుంది.

ఇంక మా అక్క కాలు. మా నాన్న అరిస్తే ఇల్లు వణుకుతుంది. నేను వణుకుతాను. పక్కింటి కుక్క వణుకుతుంది. అక్క మాత్రం చేతిలో స్పానరు సైజు చూసుకుంటూ "అయిపోయిందా నాన్నా, కాస్త జరుగు, వెలుతురు రావట్లేదు" అంటుంది. ఆ కాలు వణకదు. ఇంకోసారి అలా రాయకండి.

మాటలతో మీరు వినరని ప్రయోగం చేశాను. లోపల కనబడే ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. అందులో బుట్ట బదులు అంచుకి చిల్లులు పెట్టిన గ్లాసు, గ్లాసులో పాత కారు అద్దం కడిగే బుల్లి మోటారు పెట్టాను. పెట్రోలు పొయ్యలేదు, నాకు అదంటే భయం. నీళ్లలో నీలం సిరా కలిపాను. మొత్తం సరంజామా, బ్యాటరీతో సహా, వర్క్‌షాపు ఆఫీసులో నాన్న తిరిగే కుర్చీ అంచుకి కట్టాను. కుర్చీ నిలబడి ఉంటే మోటారు గొట్టంలోంచి నీలం ధార చక్కగా వచ్చింది. కుర్చీ తిప్పాను. నీళ్లన్నీ బయటి గోడకి ఎగబాకాయి, గ్లాసు ఖాళీ, ధార తెగింది. ఫుస్సుమని గాలి! మా ఫిజిక్స్ టీచర్ ఎప్పుడో చెప్పింది, "తిరిగేదాంట్లో నీళ్లు మీ మాట వినవు, బయటికే పోతాయి" అని.

అంతా బాగానే ఉంది గానీ సరిగ్గా అప్పుడే నాన్న తలుపు తోసుకుని వచ్చాడు. నేను బీరువా వెనక్కి దూరాను. నాన్న కుర్చీని కాలితో ఆపాడు. కుర్చీ ఆగింది, నీళ్లు ఆగలేదు. ఛాతీ నుంచి మోకాళ్ల దాకా నాన్న నీలం అయిపోయాడు. "ఎవడ్రా ఇది చేసింది!" అని అరిచాడు. అటుగా వచ్చిన బావ చూసి పకపకా నవ్వాడు. ఇంకేం, తిట్లన్నీ వాడికే పడ్డాయి. నేనేం అబద్ధం ఆడలేదు. నన్నెవరూ అడగలేదు.

మీరు చెయ్యాల్సింది చెప్తా. బుట్ట పెద్దది చెయ్యండి. దాని గోడలకి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న చిన్న తలుపులు పెట్టండి. పెట్రోలు లోపలికి రావచ్చు, మలుపొచ్చినా బయటికి పోలేదు. మీకు తోచకపోతే నన్నడగండి, బొమ్మ గీసి పంపిస్తా.

ఇట్లు,
వర్క్‌షాపు తరఫున

తా.క. కుర్రవాళ్లెవరూ లేరా అని అడిగారు. ఉన్నారు. మా అక్క.

తా.క. ఇంకోటి. అమ్మ నన్ను వర్క్‌షాపులో అడుగు పెట్టనివ్వదు, ఏదో ఒకటి విరగ్గొట్టుకుంటానట. అమ్మ బజారుకెళ్లినప్పుడు చూసుకుని ఇదంతా చేశాను.

తా.క. ఆఖరుది. నా వయసు సంగతి ఇంక ఎత్తకండి. నిజంగా ఎంతో తెలిస్తే మీరు జవాబు రాయడమే మానేస్తారు.

*

గురువుగారికి శతకోటి నమస్కారాలు.

ఇకపై మిమ్మల్ని గురువుగారనే పిలుస్తాను. చిన్ననాటి టీచర్ చెప్పిన ముక్కని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకుని, ఈ వయసులో బీరువా వెనక దూరి మరీ ప్రయోగం చేసిన మనిషిని ఇంకేమని పిలవాలి? తమ అమ్మగారు కూడా ఉన్నారని, బజారుకి తనే నడిచి వెళ్తున్నారని చదివి నా కళ్లు చెమర్చాయి. వయసు సంగతి ఎత్తకండన్నారు కాబట్టి ఎత్తను. నూరు దాటిందని మాత్రం మా విభాగంలో అందరం అనుకుంటున్నాం.

తమ ప్రయోగం నేనూ చేశాను. మా ఆఫీసు మొత్తంలో తిరిగే కుర్చీ ఒక్కటే ఉంది, మేనేజరు గారిది. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు మొదలుపెట్టాను. ఆయన పళ్లు కుట్టుకునే పుల్ల కోసం మధ్యలో వెనక్కొచ్చారు. మిగతాది తమరికి రాయక్కర్లేదు. మా మేనేజరు గారిది తెల్ల చొక్కా.

తుడుచుకుంటుండగానే చెప్పేశాను, "సార్, మన ట్యాంకు ఇంతవరకు ఒక్క మలుపూ తిరగలేదు" అని. ఆయన "తిరిగినా తిరక్కపోయినా అమ్మకాల తేదీ వేసేశాం. రిపోర్టు మీద సంతకం పెట్టు" అన్నారు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆయన పెట్టమన్నచోటల్లా పెట్టినవాణ్ణే. పెన్ను తీశాను కూడా. అప్పుడు తమరు గుర్తొచ్చారు. తండ్రికి జడుస్తూ, తల్లికి జడుస్తూ, బీరువా వెనక నిలబడి కూడా అక్క కోసం ఎదురుతిరిగిన మనిషి. పెన్ను మూత పెట్టేశాను. "పెట్టను సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఇప్పుడు నా బల్లని వరండాలో వేశారు. పర్వాలేదు, గాలి బాగా వస్తోంది. మీరు చెప్పిన తలుపుల బుట్ట ఇక్కడే కూర్చుని తయారుచేస్తున్నాను.

ఒక సొంత విషయం అడగనా గురువుగారూ? మా అమ్మాయికి పదిహేనేళ్లు. గది తలుపేసుకుని ఏదో రాసుకుంటూ ఉంటుంది. నేను తలుపు తోసుకుని వెళ్లగానే కాగితాలు దాచేస్తుంది. "ఏంటవి" అంటే "ఏం లేదు". ఆ ఏం లేదులో ఏముందోనని నాకు దిగులు. ఇంత జీవితం చూసినవారు, ఏం చెయ్యమంటారు?

తమ శిష్యుడు,
ఇంజనీరు (వరండా)

తా.క. తమరు నాకు చేసిన మేలుకి నా వంతుగా ఒక చిన్న పని చేశాను. తమ అక్కగారి క్షేమం కోరి రేసు నిర్వాహకులకి ఉత్తరం రాశాను, "మీ డ్రైవర్లలో ఒక వృద్ధురాలు ఉన్నారు, దయచేసి గుండె పరీక్ష చేయించండి" అని. నాకు థాంక్స్ చెప్పక్కర్లేదు.

*

ఇంజనీరు గారికి,

నమస్కారం పెట్టాలని లేదు. అయినా పెడుతున్నా, అలవాటుగా.

ఎంత పని చేశారండీ! నిర్వాహకుల దగ్గర్నుంచి నాన్నకి ఉత్తరం వచ్చింది. "మీ డ్రైవర్ గారి పెద్ద వయసు దృష్ట్యా డాక్టరు సర్టిఫికెట్ జతచేయవలెను. కారు ఎక్కించి దించుటకు సహాయకులను వెంట తెచ్చుకొనవలెను" అని. బావ అది చదివి, కూర్చున్న టైరు మీంచి వెనక్కి పడ్డాడు నవ్వలేక. లేచాక అక్కకి చెయ్యందించి "రా బామ్మా, మెట్టుంది, చూసుకో" అన్నాడు. అక్క వాడి చెయ్యి పట్టుకునే లేచింది. వాడు మాత్రం ఇప్పటికీ ఆ వేళ్లు ఊదుకుంటున్నాడు.

నాన్న మొదట "నా కూతుర్ని ముసలిదంటారా!" అని చిందులేశాడు. అబ్బ, అక్క పక్కకొచ్చేశాడు అనుకున్నాను. ఇంతలోనే చల్లబడి "ఎందుకొచ్చిన గొడవ, ఈసారి రేసుకి బావే ఎక్కుతాడు" అనేశాడు. అక్క హెల్మెట్ తీసి పై అరలో, చెయ్యందని చోట పెట్టేసింది. నేను చూశాను. ఇదంతా మీ దయే.

సరిగ్గా చదవండి. మా అక్కకి ఇరవై రెండేళ్లు. బావకి ఇరవై నాలుగు, బుద్ధికి నాలుగే. మా నాన్నకి పంటి నొప్పి తప్ప ఏ జబ్బూ లేదు, ఆయన మొన్ననే మూడు సోఫాలు మేడెక్కించాడు. ఆయనేం తింటాడో రాయను, మా ఇంట్లో మిగతావాళ్లకి మిగలదంతే. నిర్వాహకులకి వెంటనే ఇంకో ఉత్తరం రాయండి, పొరపాటైందని. రాయకపోతే నేను మీకు ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. మీ వరండా నిండిపోతుంది.

సంతకం పెట్టకపోవడం మాత్రం మంచి పని చేశారు. నాకు లోపల చాలా సంతోషమేసింది. పైకి కోపంగానే ఉన్నాను.

మీ అమ్మాయి విషయం. తలుపు తోసుకుని వెళ్లకండి. కొట్టండి. కొట్టాక ఆగండి. కొట్టడం ఎవరైనా చేస్తారు, ఆగడమే కష్టం. తనకి కాగితాలు దాచుకునేంత టైమివ్వండి. దాచుకునేది తప్పు చేసి కాదు. మీరు చదివి నవ్వుతారేమోనని, లేకపోతే అరుస్తారేమోనని. దాచుకోనిస్తే ఏదో ఒకరోజు తనే తీసి చూపిస్తుంది. మా ఇంట్లో తలుపు కొట్టేవాళ్లు లేరు. ముందు అరుపొస్తుంది, తర్వాత తలుపు తెరుచుకుంటుంది, ఆ తర్వాత మనిషొస్తాడు. అప్పటికి నా గుండె మంచం కింద ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ అనుభవం నాకు లేదు.

ఇట్లు,
వర్క్‌షాపు తరఫున

తా.క. బుట్టకి తలుపులు లోపలికే తెరుచుకోవాలి. మర్చిపోకండి.

*

గురువుగారికి,

నమస్కారాలు. తమ ఉత్తరం రెండుసార్లు చదివాను.

అక్కగారికి ఇరవై రెండేళ్లని రాశారు. బావగారికి ఇరవై నాలుగని. నేను వాదించను గురువుగారూ. ఇలా జరుగుతుందని నాకు తెలుసు. మా తాతయ్య చివరి రోజుల్లో, ఎదురుగా కూర్చున్న మా నాయనమ్మనే పట్టుకుని "పెళ్లికూతురు ఇంకా రాలేదేం?" అని అడిగేవాడు. ఆవిడ "దారిలో ఉందట, ఈలోగా మందు వేసుకోండి" అనేది. పెద్దవాళ్ల మనసులో తమవాళ్లు ఏ వయసులో ఆగిపోతారో ఆ వయసులోనే ఉంటారు. నాన్నగారు మూడు సోఫాలు మేడెక్కించిన సంగతి కూడా అలాంటిదే అనుకుంటున్నాను.

తమరిని ఈ స్థితిలో ఒంటరిగా వదలడానికి మనసొప్పలేదు. బుట్ట తయారైంది. సెలవు పెట్టి శనివారం నేనే బయల్దేరి వస్తున్నాను. తమ చేతులు పట్టుకుని ఒకసారి చూడాలి. మళ్లీ కారెక్కవద్దని అక్కగారిని కూడా బతిమాలాలి.

తమ శిష్యుడు,
ఇంజనీరు (ఇంకా వరండానే)

తా.క. మా అమ్మాయి తలుపు కొట్టాను. కొట్టి ఆగాను. మొదటి రోజు "ఎవరు?" అంది, "నేనే" అన్నాను, "ఏంటి?" అంది, ఏం చెప్పాలో తోచక వచ్చేశాను. తర్వాత్తర్వాత నేను కొట్టాక లోపల కాగితాల చప్పుడయ్యేది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగడం నేర్చుకున్నాను. నిన్న చప్పుడు కాలేదు. తలుపు తీసి తనే ఒక కాగితం చేతిలో పెట్టింది. బొమ్మ గీసింది. కుర్చీ మీద గిరగిరా తిరుగుతున్న నీలం మనిషి, పక్కన పెన్ను మూత పెడుతూ నేను. కింద "మా నాన్న సంతకం పెట్టలేదు" అని రాసుంది. గురువుగారూ, మీరు చల్లగా ఉండాలి.

*

ఇంజనీరు గారికి,

నమస్కారం. మీరు కింద మా వర్క్‌షాపులో టీ తాగుతున్నారు. నేను మీ తల మీద, అంటే పై గదిలో, కూర్చుని ఇది రాస్తున్నాను. కిందికి దిగి మాట్లాడొచ్చు కదా అంటారేమో. కాళ్లు రావడం లేదు. రాయడం అయ్యాక కిటికీలోంచి మీ కారు మీద పడేస్తాను. గాలికి పోకుండా నట్టు కట్టి వేస్తాను, పై కప్పుకి చిన్న సొట్ట పడితే ఏమనుకోకండి.

మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు పదిహేనేళ్లు. మీ అమ్మాయి ఈడే. చూడండి, రాత ఇప్పుడు ఎంత తిన్నగా ఉందో. ఇది కుడి చేత్తో రాస్తున్నది. ఇన్నాళ్లూ ఎడమ చేత్తో రాశాను, మా ఇంట్లో నా కుడి చేతి రాత అందరికీ తెలుసు. స్కూల్లో నాకు అన్నీ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషులో రాస్తే ఇంట్లో అనుమానించడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. అందుకే నోటితో మాట్లాడేదే కాగితం మీద పెట్టేశాను. పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదువుకోండి. ఒక్క అబద్ధం చూపించండి చూద్దాం. లైసెన్సు ఇవ్వరన్నాను, ఇవ్వరు. చెయ్యి మాట వినట్లేదన్నాను, ఎడమ చెయ్యి ఎవరి మాట వింటుంది? మోసపోయింది మీరు. మోసం చేసింది కూడా మీరే.

మీరొచ్చినప్పుడు కిటికీ పక్కనే ఉన్నాను. నాన్న కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లే బయటికున్నాయి. మీరు ఆ కాళ్లతో "బాబూ, మీ తాతగారు ఉన్నారా?" అన్నారు.

నాన్న లోపల్నుంచే "మా తాత పోయాడండీ" అన్నాడు.

మీ చేతిలో అట్టపెట్టె కిందపడింది. "అయ్యో! ఎప్పుడు? మొన్ననే ఉత్తరం రాశారే!"

నాన్న మెల్లగా బయటికి పాక్కుంటూ వచ్చాడు. "మా తాత ఉత్తరం రాశాడా? నేను పుట్టకముందే పోయాడయ్యా ఆయన!"

అప్పుడు మీ మొహం చూసి నాకు నవ్వొచ్చింది, భయంతోనే నవ్వాను. మీరు గోడ పట్టుకున్నారు. అక్క మంచినీళ్లు తెచ్చింది. "ఈ అమ్మాయెవరు?" అని అడిగారు. "మా పెద్దమ్మాయి, కారు తనే నడుపుతుంది" అన్నాడు నాన్న. బావ పళ్లికిలిస్తూ "నమస్తే, నేను బావని" అన్నాడు. మీరు వాణ్ణి పై నుంచి కింది దాకా చూసి, గేటు వైపు చూసి, మళ్లీ వాణ్ణి చూశారు. మొత్తం అర్థమైపోయిందని అప్పుడే తెలిసింది నాకు.

కానీ మీరు చాలా గొప్పవారండీ. "ఈ ఉత్తరాలు ఎవరు రాశారో తర్వాత చూద్దాం, ముందు ట్యాంకు సంగతి తేలాలి" అన్నారు. అక్క పక్కన ఎక్కి కూర్చున్నారు. సగం ట్యాంకుతో అక్క వెనక ఖాళీ జాగాలో ఎడమకి గుండ్రంగా తిప్పడం మొదలెట్టింది. దుమ్ములోంచి కనబడలేదు గానీ వినబడింది, ఇంజను దగ్గడం. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. దాంతోపాటు మీరు "చాలమ్మా, నమ్మాను, నమ్మానమ్మా!" అని అరవడం కూడా. నాన్న చేతిలో గుడ్డ జారిపోయింది. అక్క కాలు వణకలేదని మా నాన్న చెవులారా విన్నాడు.

తర్వాత మీరూ నాన్నా కలిసి పాత బుట్ట తీసి కొత్తది పెట్టారు. ఇద్దరూ మధ్యాహ్నమంతా "అటు కాదు సార్", "అటే సార్" అని పోట్లాడుకున్నారు. అక్క మళ్లీ తిప్పింది. ఈసారి ఒక్క దగ్గు లేదు. అదే పెట్రోలు, అదే పంపు, అదే కాలు. బుట్టకి తలుపులొచ్చాయంతే. మీరు దిగి, టైరు మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నారు. నాన్న తన పాత రిపోర్టు తీసి, నిలువునా చింపి, "మలుపులో మీ పాత బుట్టతో పంపు గాలి తాగుతోంది" అని కొత్తగా రాసి మీ చేతికిచ్చాడు. మీరూ నిర్వాహకులకి "డ్రైవర్ వయసు విషయంలో పొరపాటైంది" అని రాసి నాన్న చేతికిచ్చారు. కారు తాళాల కోసం బావ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి దాటించి నాన్న తాళాలు అక్క వైపు విసిరాడు. ఏమీ మాట్లాడలేదు. మా నాన్న ఏమీ మాట్లాడకపోవడం నేను పుట్టాక ఇదే చూడటం. అక్క పై అరలోంచి హెల్మెట్ దించుకుంది. స్టూలు కూడా వేసుకోలేదు, ఎగిరి అందుకుంది.

ఆ తర్వాతే వచ్చింది అసలు ముప్పు. నాన్న మీ దగ్గర ఉత్తరాలు అడిగి తీసుకున్నాడు. ఒక్కోటీ చదువుతుంటే నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. "గేటు సంగతి బయటివాళ్లకి తెలీదే" అన్నాడు. సిరా ఉత్తరం చదివి తన చొక్కా తడుముకున్నాడు. బావ "చెప్పానా మావయ్యా, నేను కాదని!" అని గంతేశాడు. అక్క ఒక్కసారి నా కిటికీ వైపు చూసి వెంటనే తల దించుకుంది. అక్కకి ఎప్పుడో తెలుసేమో. ఒక ఉత్తరం దగ్గర మాత్రం నాన్న చాలాసేపు ఆగిపోయాడు. చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. అది ఏదో ఇక్కడ్నుంచి నాకు కనబడలేదు.

నాకు చాలా భయంగా ఉంది. కుర్చీ సంగతి, సిరా సంగతి, పోస్టు డబ్బా తాళం సంగతి అన్నీ బయటపడ్డాయి. అయినా ఒకటి చెప్తా. నాన్న వచ్చి "నువ్వేనా?" అంటే "నేనే" అంటాను. "ఇంకోసారి చేస్తావా?" అంటే "అక్క తప్పు కాదంటే చేస్తాను" అంటాను. వర్క్‌షాపులోకి రావొద్దంటే వస్తాను. ఇలా కాగితం మీద అనేయడం తేలికే, ఎదురుగా అంటానో లేదో తెలీదు. అందుకే ముందు మీకు రాసి పెడుతున్నాను. తర్వాత నేను మాట మారిస్తే మీరు అడగొచ్చు.

మీ అమ్మాయికి చెప్పండి, నీలం మనిషి బొమ్మ నాకూ ఒకటి కావాలని.

ఇట్లు,
వర్క్‌షాపు తరఫున కాదు, నేనే

తా.క. మెట్ల మీద అడుగులు. నాన్నవే, కుడి చెప్పు ఈడుస్తాడు. అరుపు ఇంకా రాలేదు. అడుగులు తలుపు దగ్గర ఆగిపోయాయి. తలుపు తెరుచుకోలేదు.

తలుపు కొడుతున్నాడు.

మెల్లగా కొట్టాడు, వేలి మెటికతో. మా ఇంట్లో తలుపు కొట్టేవాళ్లు ఎవరూ లేరని మీకు రాశాను కదా. కొట్టి ఊరుకున్నాడు. మళ్లీ కొట్టడం లేదు. అవతల ఊపిరి వినబడుతోంది. ఆగాడు. నేను దాచుకోవడానికే ఆగాడు.

కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా. తలుపు మాత్రం నేనే తీస్తా